తొమ్మిది రోజుల గట్క

జలపతికి చిన్నప్పుడు గట్క అంటే పడేది కాదు. మల్లాపూర్ అవతల వాళ్ల ఊరికి అప్పటికింకా కాలువ నీళ్లు రాలేదు. తెల్లన్నం పండుగకో, చుట్టాలొస్తేనో వండేవారు. మిగతా రోజులన్నీ రవ్వ ఉడికించి చేసే మక్కగట్క, లేదంటే జొన్నగట్క. తల్లి సమ్మవ్వ పళ్లెంలో ముద్ద పెట్టి, మధ్యలో వేలితో గుంట చేసి, అందులో పుంటికూర వేసేది. వాడు అలిగి పళ్లెం పక్కకు నెట్టేవాడు. పెద్దయ్యాక రోజూ అన్నమూ మాంసమూ తప్ప ఇంకేదీ ముట్టనని తల్లి ముందు ఒట్టు పెట్టుకున్నాడు. ఆమె నవ్వి, ఆ పళ్లెం మళ్లీ ముందుకు జరిపేది.

తండ్రి ఐలయ్య తాటిచెట్లెక్కి కల్లు తీసేవాడు. జలపతికి పదిహేడేళ్లప్పుడు చెట్టు మీంచి పడి నడుము విరిగింది. రెండేళ్లు మంచంలోనే ఉండి చనిపోయాడు. ఆ రెండేళ్లూ చూసిన సమ్మవ్వ, కొడుకు చేత చెట్టెక్కే మోకు పట్టనివ్వలేదు. జలపతి కోరుట్లలో ఒక హోటల్లో ప్లేట్లు కడిగే పనికి కుదిరి, కడుగుతూ కడుగుతూ వంట నేర్చుకున్నాడు. మంచి చెయ్యి అన్నారు అందరూ. ఇరవై నాలుగేళ్లకు, ఊర్మిలను పెళ్లి చేసుకున్న మరుసటి ఏడు, షార్జాలో ఒక లేబర్ క్యాంపు మెస్సుకు వంటవాడిగా వెళ్లాడు.

అక్కడ మూడు వందల మందికి వంట. గడ్డ కట్టిన మాంసం పెట్టెలకు పెట్టెలు వచ్చేవి. కూరగాయలంటే ఉల్లిగడ్డ, ఆలుగడ్డ. వంటవాళ్లు అందరికీ వడ్డించాక నిలబడే తినేవారు. గిన్నె అడుగున మాడి అంటుకున్న ముక్కలంటే జలపతికి ప్రాణం. గరిటెతో గీకి, మిగిలిన అన్నంలో కలుపుకునేవాడు. ఇంటికి ఫోన్ చేసినప్పుడల్లా ఏం తిన్నాడో చెప్పేవాడు. కొడుకు రోజూ యాటమాంసం తింటున్నాడని సమ్మవ్వ వాడంతా చెప్పుకునేది. ఆ మాటలో అబద్ధం లేదు. తల్లికి తాను ఇవ్వగలిగిన సంతోషం అదే అనుకునేవాడు అతను.

తొమ్మిదో ఏట కడుపు చెడింది. రోజుకు ఏడెనిమిది సార్లు వెళ్లాల్సి వచ్చేది. జిగట, దాంతో పాటు నెత్తురు. విరేచనాలు పట్టుకున్నవాణ్ణి వంటింట్లో ఉంచరు. సూపర్‌వైజరుకు తెలిస్తే పని పోతుందని ఎవరికీ చెప్పకుండా, మందుల షాపులో గోలీలు కొనుక్కుని మింగుతూ గడిపాడు. చివరికి సెలవు మీద ఇంటికి వచ్చి మళ్లీ వెళ్లలేదు. ఎందుకు వెళ్లడం లేదని ఊర్మిల అడిగితే, పిల్ల పెద్దదవుతోంది, చాలు అన్నాడు. బిడ్డ నవ్యకు అప్పుడు ఎనిమిదేళ్లు.

కోరుట్లలో ఒక వైన్సు పక్క పర్మిట్ రూమ్‌లో పొయ్యి తీసుకున్నాడు. చికెన్ ఫ్రై, బోటి, కార్జం, గుడ్ల బుర్జీ. బోటి కడగడంలో అతని చేతికి సాటి లేదు. గొర్రె పేగులను తిరగేసి, వేడి నీళ్లు పోసి, లోపలి పొరను గోటితో తడిమి చూసేవాడు. ఎక్కడైనా ఎర్రబడినా, పుండులా కనిపించినా ఆ పేగును పక్కన పడేసేవాడు. అతని పొయ్యి మీద బోటి తినడానికి మెట్‌పల్లి నుంచి కూడా వచ్చేవారు. మధ్యాహ్నానికి ఇంత, సాయంత్రానికి ఇంత, వేయించగా మిగిలినవే అతని తిండి. పనయ్యాక ఒక క్వార్టర్ మందు. ఇంట్లో ఊర్మిల బీడీలు చుట్టుకుంటూ వండిన పప్పూ చారూ తినే పూటలు వారంలో ఒకటో రెండో.

నెత్తురు పోతూ వస్తూ ఉండేది. ఊళ్లో వైద్యం చేసే ఆర్ఎంపీ తిరుపతి అవి మొలలే అన్నాడు. పొయ్యి దగ్గర నిలబడే మనిషికి వేడి చేయక ఏం చేస్తుందన్నాడు. ఒక సూది వేసేవాడు. ఆ సూది పడితే పది రోజులు హాయిగా ఉండేది. ఆ హాయి చూసి జలపతి ఆరేళ్లు ఆ సూదినే నమ్ముకున్నాడు.

ఒకరోజు పొయ్యి దగ్గరే కళ్లు తిరిగి పడ్డాక, జగిత్యాలలో ఒక డాక్టరు నెత్తురు చాలా తగ్గిందని చెప్పి కరీంనగర్‌కు రాసిచ్చాడు. ఊర్మిల వస్తానంటే వద్దని ఒక్కడే వెళ్లాడు. అక్కడ పెద్దపేగులోకి గొట్టం పంపి చూసే కెమెరా పరీక్ష చేశారు. పరీక్షయ్యాక డాక్టరు తెర మీద ఫోటోలు చూపించాడు. ఎర్రగా ఉబ్బిన పొర, దాని మీద తెల్లని పుండ్లు, అక్కడక్కడ కారుతున్న నెత్తురు. జలపతి చాలాసేపు చూశాడు.

"గొర్రెదైతే నేను పారేస్తును సార్," అన్నాడు.

డాక్టరు నవ్వలేదు. ఇవి మొలలు కావని, పెద్దపేగు లోపలంతా వాచి పుండ్లు పడ్డాయని, దీన్ని అల్సరేటివ్ కొలైటిస్ అంటారని చెప్పాడు. తిండి వల్లనే వచ్చిందా అని జలపతి అడిగాడు.

"తిండి ఒక్కటే అని నేను చెప్పలేను. ఒంటి తత్వం ఉంటది, మాకు తెల్వనియి ఇంక ఉంటయి. కని నువ్వు ఏండ్ల సంది తినేది చూడు. రోజూ మాంసం, మాడింది, మల్లమల్ల కాగిన నూనె, మందు. ఆకు లేదు, పీచు లేదు. మన పేగుల కోట్ల సూక్ష్మజీవులుంటయి. పీచే వాటికి తిండి. అది తిని అవి పేగుకు బలమిస్తయి. పీచు పెట్టకపోతే పేగును కాపాడే జిగట పొరను తినుడు మొదలువెడ్తయి. మంటకు అది ఇంకింత తోడైతది."

తరువాత అసలు మాట చెప్పాడు. ఇలా ఏళ్ల తరబడి వాపు ఉన్న పేగులో కాన్సర్ పుట్టే ముప్పు ఎక్కువ. నెత్తురు ఆగినా గోలీలు ఆపకూడదు. ఏడాదికోసారి వచ్చి కెమెరా పరీక్ష చేయించుకోవాలి. మొదట్లోనే కనబడితే తీసేయవచ్చు. పక్క గదిలో ఒకావిడ తిండి గురించి కాగితం రాసిచ్చింది. పుండ్లు మానాక కూరగాయలు, పప్పులు, ముతక ధాన్యాలు మెల్లమెల్లగా పెంచుకోవాలి. నెత్తురు పడుతున్నప్పుడు మాత్రం మెత్తనివే తినాలి.

జలపతి ఆ కాగితాలన్నీ ఒక ఫైలులో పెట్టుకుని ఇంటికి వచ్చాడు. ఊర్మిలకు పేగులో పుండు అని మాత్రం చెప్పాడు. కాన్సర్ అన్న మాట నోటి దాకా రానీయలేదు. షార్జా నుంచి తెచ్చుకున్న సూట్‌కేసులో ఫైలు పెట్టి, సూట్‌కేసును సజ్జ మీదికి ఎక్కించాడు.

గోలీలు ఎనిమిది నెలలు మింగాడు. నెత్తురు పూర్తిగా ఆగింది. ఇంతలో కరోనా వచ్చి పర్మిట్ రూమ్ మూసేశారు, బస్సులు ఆగాయి, గోలీలు అయిపోయాయి. మళ్లీ తెచ్చుకోలేదు. తెరిచాక మళ్లీ అదే పొయ్యి, అదే తిండి. ఏడాది దాటింది, రెండేళ్లు దాటాయి. అప్పుడప్పుడు కొంచెం నెత్తురు కనిపించేది. తిరుపతి దగ్గరికి వెళ్లేవాడు.

నవ్య సిరిసిల్లలో బీఎస్సీ నర్సింగ్‌లో చేరింది. రెండో ఏడు వేసవి సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు తండ్రి బెల్టు చూసి ఆగిపోయింది. దానికి మేకుతో కొత్తగా మూడు బెజ్జాలు పొడిచి ఉన్నాయి. దగ్గరికి వచ్చి కింది కనురెప్ప లాగి చూసింది. లోపల ఎరుపే లేదు.

"నెత్తురు వోతుందా బాపు?"

"మొలలు బిడ్డా. పాతయే."

"ఇంకేమన్న ఉన్నదా?"

"సాఫ్‌గ అయితలేదు. అంతే."

ఆమె ఇంకా అడిగింది. ఎన్నాళ్ల నుంచి, ఎలా, నొప్పి ఉందా అని. కూతురి ముందు ఆ సంగతులు మాట్లాడటం అతనికి చేతకాలేదు. అన్నిటికీ ఏం లేదని చెప్పాడు. మొలలు, మలబద్ధకం, నెత్తురు తక్కువ, రోజూ మాంసం. నవ్య చదివిన పుస్తకంలో ఈ నాలుగూ ఒకే పేజీలో ఉన్నాయి. వాటి కింద ఏం చేయాలో కూడా ఉంది. పీచు ఎక్కువున్న తిండి పెట్టాలి. దానివల్ల పెద్దపేగు కాన్సర్ ముప్పు కూడా తగ్గుతుందని ఆ ఏడే పరీక్షలో రాసి మంచి మార్కులు తెచ్చుకుంది.

పరీక్ష చేయించుకోవాలని గట్టిగానే పట్టుబట్టింది. ఇంకో రెండు వారాలకు జగిత్యాల పోదామని తండ్రిని ఒప్పించింది. అప్పటిదాకా పర్మిట్ రూమ్‌కు పోవద్దని, ఇంటి తిండే తినాలని చెప్పి, ఏమేం వండాలో నానమ్మకు వివరించింది. జొన్నలు, మక్కలు, ఆకుకూరలు, చిక్కుడుకాయ, గుగ్గిళ్లు.

సమ్మవ్వకు డెబ్బై దాటాయి. ఆ మాట విన్న రోజు ఆమె ముఖం వెలిగిపోయింది. ముప్పై ఏళ్లు తాను వండింది వద్దన్న కొడుక్కి, చదువుకున్న మనవరాలు అదే పెట్టమంటోంది. కొడిమ్యాలలో ఉన్న చెల్లెలింటికి పోయి పాత జొన్నలు తెచ్చుకుంది. మిల్లుకు ఇయ్యలేదు. ఇసుర్రాయి కడిగి తానే రవ్వ పట్టింది.

మొదటి పూట గట్క ముందు పెట్టినప్పుడు జలపతి చాలాసేపు పళ్లెం వైపు చూశాడు. తర్వాత తినడం మొదలుపెట్టి మొత్తం తినేశాడు. ఇంకొంచెం అడిగాడు. మొదటి నాలుగు రోజులూ ఇంట్లో అందరూ బాగున్నారు. పగటి పూట ఇంటిపట్టున ఉండే అలవాటు లేని మనిషి వాకిట్లో కూర్చుని, ఊర్మిల చుట్టిన బీడీలను కట్టలు కట్టాడు. తల్లి పక్కన కూర్చుని గుగ్గిళ్లు తిన్నాడు. చిన్నప్పుడు ఎందుకు వద్దన్నానో గుర్తు లేదన్నాడు.

ఐదో రోజు కడుపు బరువుగా ఉందన్నాడు. పీచు కొత్తగా తిన్నప్పుడు గ్యాసు పడుతుందని, నీళ్లు ఎక్కువ తాగితే సర్దుకుంటుందని నవ్య చెప్పింది. పుస్తకంలో అదీ ఉంది. ఏడో రోజు పళ్లెం సగంలో వదిలేశాడు. సమ్మవ్వ పక్కనే కూర్చుని, ఇంకో రెండు ముద్దలు తినమని బతిమాలింది. ఆమె బాధపడుతుందని తిన్నాడు. ఎనిమిదో రోజు ఒక్కసారి కూడా బయటికి పోలేదు. గ్యాసు కూడా కదలలేదు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

తొమ్మిదో రోజు మధ్యాహ్నానికి కడుపు డప్పులా బిగిసింది. తిన్నదంతా కక్కుకున్నాడు. చివరికి వచ్చిన వాంతిలో మలం వాసన తగలగానే నవ్య ఆటో కోసం వీధిలోకి పరుగెత్తింది. ఆ వాసన ఆమె సిరిసిల్లలో సర్జికల్ వార్డులో ఒకసారి ఎరిగినదే. ఆటోలో జగిత్యాలకు, అక్కడ స్కానింగ్ చూసి అంబులెన్సులో కరీంనగర్‌కు. చేరిన రెండు గంటల్లో లోపలికి తీసుకెళ్లి పొట్ట కోశారు.

సర్జన్ బయటికి వచ్చి నవ్యతో మాట్లాడాడు. పెద్దపేగు ఎడమ వైపు గడ్డ ఉంది. దాని వల్ల దారి పెన్సిలంత సన్నబడింది. తిన్న పీచంతా అక్కడ ఉండలా అడ్డం పడింది. గడ్డను తీసేసి, మలం పడేందుకు పేగును పొట్ట మీదికి తెచ్చి సంచి పెట్టారు. కాలేయంలో కూడా మచ్చలున్నాయి. ఆయన ఒకటే అడిగాడు. ఇదివరకు కొలైటిస్ లాంటిదేమైనా ఉండేదా? నవ్య లేదని చెప్పింది.

మర్నాడు ఆధార్ కార్డు, ఆరోగ్యశ్రీ కాగితాల కోసం ఇంటికి వచ్చి సజ్జ మీది సూట్‌కేసు దింపింది. ఫైలు దొరికింది. స్టూలు దిగకుండా అక్కడే నిలబడి చదివింది. ఏటా కెమెరా పరీక్ష తప్పనిసరి అన్న వాక్యం కింద ఎర్రగీత ఉంది. వెనక తిండి కాగితం ఉంది. అందులో ఆఖరి లైను, పేగు సన్నబడిందన్న అనుమానం ఉంటే పీచు పూర్తిగా తగ్గించి వెంటనే డాక్టరును కలవాలి. తారీఖు ఐదేళ్ల కిందటిది. అప్పుడు ఆమె పదో తరగతి.

ఆసుపత్రికి తిరిగి వచ్చాక రెండు రోజులు ఆరోగ్యశ్రీ కాగితాల వెంట తిరిగింది. మూడో రోజు సంచి మార్చడం తానే చేసి, చేతులు కడుక్కుని వచ్చి మంచం పక్కన కూర్చుంది.

"ఎందుకు చెప్పలే బాపు?"

జలపతి గోడ వైపు తిరిగాడు.

"చెప్తే మీ అమ్మ పొయ్యి బందు వెట్టుమంటది. బందు వెడ్తే ఇంకేం జెయ్యాలె? చెట్టెక్కుడు మా అవ్వ నేర్వనియ్యలే. నాకు అచ్చింది గా ఒక్క పనే." దుప్పటి సంచి మీదికి లాక్కున్నాడు. "మల్ల గా పరీక్ష. బట్టలిప్పి పండవెడ్తరు. చుట్టూత ఆడివిల్లలు, నర్సులు. నీ అసొంటోళ్లు. సిగ్గయింది బిడ్డా. నెత్తురు ఆగినంక ఇంక మల్ల పోబుద్ధి గాలే."

నవ్య ఆ దుప్పటి సరిచేసింది. రేపు తానూ అలా నిలబడే ఆడపిల్లే. నెత్తురు పోతోందని చెప్పుకోలేక ఇంకెందరు ఇలా పడుకుని ఉన్నారో ఆమెకు తెలియదు. తన తండ్రి మాత్రం చెప్పుకోలేకపోయాడు.

ఆమె సర్జన్‌ను ఒంటరిగా కలిసి గట్క సంగతి చెప్పింది. తానే పెట్టించానని చెప్పింది. ఆయన చేతిలో పెన్ను పక్కన పెట్టాడు.

"అది ఎట్లయినా మూసుకునేదే అమ్మా. నువ్వు పెట్టించకపోతే నెలకో, రెండు నెలలకో మూసుకునేది. గడ్డ తిండితోని నిన్న మొన్న పుట్టింది కాదు, కాలేయం దాకా పోయి ఎన్నడో అయింది. నువ్వు చెప్పిన తిండి తప్పు కాదు. ముప్పై ఏండ్ల కింద తినాల్సింది."

ఆయన దయతోనే చెప్పాడు. చివరి మాటే ఆమెకు అన్నిటికన్నా ఎక్కువ గుచ్చుకుంది.

ఇంటికి తెచ్చాక ఊర్మిల బీడీలు మానేసి భర్తను చూసుకుంది. కీమో ఆరు సార్లన్నారు. నాలుగోదానికి అతని ఒళ్లు తట్టుకోలేకపోయింది. ఆపేశారు. పర్మిట్ రూమ్‌లో వేరేవాళ్లు పొయ్యి తీసుకున్నారు. మొదట్లో చూడటానికి వచ్చిన పాత గిరాకీలు, మంచం దగ్గర సంచి వాసనకు ఎక్కువసేపు కూర్చోలేక వెళ్లిపోయేవారు. అతనికది తెలుసు. ఎవరైనా వస్తున్నారంటే నిద్రపోతున్నట్టు కళ్లు మూసుకునేవాడు.

సమ్మవ్వకు ఎవరూ ఏమీ చెప్పలేదు. కానీ ఊళ్లో మాటలు ఆగవు. గట్క అడ్డం పడి పొట్ట కోశారట అన్న మాట నీళ్ల ట్యాంకు దగ్గర విని వచ్చింది. ఆ వారం నవ్య సిరిసిల్ల నుంచి వచ్చినప్పుడు, పొయ్యి ముందు కూర్చోబెట్టుకుని అడిగింది.

"బిడ్డా, నిజం జెప్పు. నేను వెట్టిన గట్కనేనా?"

నవ్య సర్జన్ మాటలన్నీ చెప్పింది. గడ్డ ఏళ్ల కిందటిదని, ఎట్లయినా మూసుకునేదని, గట్క మంచి తిండని చెప్పింది. ముసలామె శ్రద్ధగా విన్నది. తల ఊపింది.

"ఆఖరు రెండు ముద్దలు వద్దన్నడు," అంది. "నేనే తినుమన్న."

ఆ రోజు నుంచి ఆమె పొయ్యి దగ్గరికి రాలేదు. ఊర్మిల ఏం పెడితే అది తినేది. పెట్టకపోతే అడిగేది కాదు.

జలపతి మాఘమాసంలో పోయాడు. చివరి నెలంతా అన్నం గంజి మాత్రమే, అదీ బట్టలో వడగట్టి చెంచాతో. కళ్లు మూసుకుని పడుకున్న మనిషి ఒకరోజు మధ్యాహ్నం ఉన్నట్టుండి, షార్జా మెస్సులో ఆ రోజు ఎంతమందికి వండాలో అడిగాడు. ఊర్మిల మూడు వందలు అని చెప్పింది. మాంసం దింపుకొచ్చారా అని అడిగాడు. వచ్చిందంది. సరేనన్నట్టు తల ఊపి మళ్లీ మాట్లాడలేదు. రెండు రోజులకు పోయాడు. నలభై ఆరేళ్లు.

దినాలయ్యాక నవ్య కాలేజీకి తిరిగి వెళ్లింది. ఆ ఏడు సర్జికల్ వార్డులో పోస్టింగు. తండ్రికి చిన్న వయసులోనే వచ్చింది కాబట్టి తాను కూడా ముందుగానే పరీక్షలు మొదలుపెట్టాలని అక్కడి డాక్టరు చెప్పాడు. ఏ వయసు నుంచో కాగితం మీద రాసిచ్చాడు. నవ్య ఆ కాగితాన్ని తల్లికి చూపించింది. ఊర్మిల చదవగలదు గాని చదవలేదు. అట్లనే పట్టుకుని కూర్చుంది.

వార్డులో పేగు ఆపరేషన్లయిన వాళ్లకు ఏం తినాలో, ఏం తినకూడదో చెప్పడం విద్యార్థుల పని. నవ్య వంతు వచ్చినప్పుడు ఆమె చదివి చెప్పింది. బుగ్గారం నుంచి వచ్చిన ఒక ముసలావిడ తన కొడుకు మంచం పక్కన కూర్చుని వింటూ, మరి జొన్నగట్క పెట్టొచ్చా బిడ్డా అని అడిగింది. నవ్యకు జవాబు తెలుసు. ఇప్పుడు వద్దు, పేగు మానాక డాక్టరును అడిగి కొద్దికొద్దిగా అని చెప్పాలి. పక్కనున్న అమ్మాయి అందుకుని చెప్పింది. నవ్య కాగితం ఆమె చేతిలో పెట్టి వార్డు బయటికి వచ్చి, వరండాలో గోడకు ఆనుకుని నిలబడింది. ఎట్లయినా మూసుకునేదే అన్న మాటను నానమ్మకు ఎన్నోసార్లు చెప్పింది. తనకు తాను ఒక్కసారి కూడా చెప్పుకోలేకపోయింది.